మూడో రోజు మెడ ఎత్తలేకపోయాడు: ఒక పురుగుమందు కేసు

సాయంత్రం డ్యూటీ మారే వేళకు తీసుకొచ్చారు. పాతికేళ్లు నిండని కుర్రవాడు. పురుగుమందు తాగి గంటా నలభై నిమిషాలైందని వాళ్లన్న చెప్పాడు. రోగిని గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ మార్చాను. చికిత్స, మోతాదులు, మేం చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. కేసులో అరుదైనదేమీ లేదు. పంట పండించే ప్రతిచోటా ఇలాంటివి వస్తూనే ఉంటాయి, చాలాచోట్ల ఇలాంటివాళ్లే చనిపోతుంటారు. ఇతను బతికాడు. ఎందుకు బతికాడో నిజాయితీగా వెతికితే, అందులో మా వాటా నేను అనుకున్నంత పెద్దది కాదని తేలింది.

చిన్న ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లు, నర్సులు చదువుతారని రాస్తున్నాను. వైద్యంతో సంబంధం లేనివాళ్లు మధ్యలో మోతాదుల లెక్కలు దాటేసి అయినా సరే, చివరిదాకా చదవండి. ఈ చావుల్ని ఆపే పనిలో పెద్దభాగం ఆసుపత్రి గోడల బయటే ఉంది.

మొదటి అరగంట

స్ట్రెచర్ దగ్గరికి వెళ్లకముందే కిరోసిన్ లాంటి ఘాటు వాసన. ఒళ్లంతా చెమట, బట్టల్లోనే విరేచనం, నోట్లోంచి నురగ, కళ్లవెంట నీళ్లు. కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. పిక్కల్లో, కనురెప్పల్లో కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప మాట లేదు. నాడి 52, బీపీ 90/50, ఆక్సిజన్ 82 శాతం. స్టెత్ పెడితే రెండువైపులా నీళ్లు బుడబుడలాడుతున్న చప్పుడు, దాని మీద పిల్లికూతలు.

ఈ లక్షణాలన్నిటికీ మూలం ఒక్కటే. నరం నుంచి కండరానికీ గ్రంథికీ కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. కబురు చేరగానే దాన్ని విరిచేయడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఆ ఎంజైమ్‌ను పట్టి బిగిస్తాయి. ఇక కబురు ఆగదు. గ్రంథులు ఊరుతూనే ఉంటాయి, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, గుండె మందగిస్తుంది, కండరాలు మొదట అదిరి తర్వాత చచ్చుబడతాయి. ఇటు మెదడులో ఊపిరిని నడిపే కేంద్రం మూగబోతుంది, అటు ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. ఈ రోగులు పోయేది ఎక్కువగా ఊపిరి అందకే. కాబట్టి మొదటి పని ఊపిరి నిలబెట్టడం, మిగతావన్నీ తర్వాత.

ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు సక్షన్ చేసి, ఆక్సిజన్ పెట్టాం. రెండు చేతులకూ సెలైన్ సూదులు. ఒకరు బట్టలు కత్తిరించి తీసేసి, సబ్బునీళ్లతో ఒళ్లు, జుట్టు కడిగారు. కొత్తగా చేరిన ఆయా ఒకామె ఆ వాసనకు భయపడి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమెను తప్పుపట్టను. కానీ ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి. చేతికి గ్లోవ్స్, ఒంటికి ఏప్రన్ వేసుకుని, కిటికీలు తెరిచి పనిచేస్తే సిబ్బందికి ప్రమాదం చాలా తక్కువ. ఘాటు వాసన చాలావరకు మందును కలిపిన ద్రావకానిది. వాసనకు భయపడి రోగికి దూరంగా నిలబడితే పోయేది రోగి ప్రాణం.

"మేడమ్, ముందు కడుపు కడగండి. లోపలున్నది తీసేయండి" అని వాళ్లన్న చేతులు పట్టుకున్నాడు. ఇంటి దగ్గరే ఉప్పునీళ్లు పట్టించి కక్కించారట, మళ్లీ మళ్లీ. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ సగం స్పృహలో ఉన్న మనిషిని కక్కిస్తే, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ద్రావకం అక్కడ చేరితే అదొక వేరే జబ్బు. ఉప్పునీళ్లు కూడా ప్రమాదమే, ఒంట్లో సోడియం పెరిగిపోతుంది. కడుపు కడగడం వల్ల ఏమైనా ప్రయోజనం ఉంటే అది మొదటి గంటలోపే, అదీ శ్వాసమార్గం భద్రంగా ఉన్నప్పుడే. కడుపులోని విషాన్ని పీల్చుకునేందుకు తాగించే బొగ్గుపొడి మీద శ్రీలంకలో 4,600 మందికి పైగా రోగులతో పెద్ద పరీక్ష జరిగింది, 2008లో ఫలితాలు వచ్చాయి. పదేపదే ఇచ్చినా చావులు తగ్గలేదు. ఇన్నేళ్ల అనుభవంలో, ఈ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించాల్సిన పది నిమిషాలు కడుపు గొట్టంతో కుస్తీ పట్టడంలో పోగొట్టుకున్న ఆసుపత్రుల నుంచి ఒళ్లు నీలిరంగుకు మారిపోయి వచ్చిన రోగుల్ని చూశాను. అతని అన్నకు ఒక్క మాటే చెప్పాను: "ముందు ఊపిరి అందాలి బాబూ. కడుపు సంగతి తర్వాత."

అట్రోపిన్ 2 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాం. ఐదు నిమిషాలకు మళ్లీ స్టెత్ పెట్టాం. మార్పు లేదు. 4 మిల్లీగ్రాములు. మళ్లీ ఐదు నిమిషాలు. 8. ప్రతి ఐదు నిమిషాలకూ రెట్టింపు చేస్తూ పోవడమే పద్ధతి. మా దగ్గరున్న ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. 8 మిల్లీగ్రాములంటే పదమూడు ఆంపూళ్లు పగలగొట్టాలి. ఇద్దరు సిస్టర్లు అదే పనిగా పగలగొడుతుంటే మూడో ఆమె సిరంజిలోకి లాగింది. ఒక సిస్టర్ వేలు తెగి రక్తం కారుతున్నా ఆపలేదు. ఎక్కడ పనిచేసినా ఇది ముందే లెక్కేసి పెట్టుకోండి: ఒక్క రోగికి మొదటి అరగంటలో యాభై ఆంపూళ్లు పట్టవచ్చు. క్యాజువాలిటీ బీరువాలో పది ఉన్నాయంటే, ఏమీ లేవన్నట్టే లెక్క. ఎక్కువ మోతాదు ఉండే పెద్ద వయల్స్ దొరికే చోట అవే తెప్పించుకోండి.

మొత్తం 14 మిల్లీగ్రాములు వెళ్లేసరికి నాడి 118కి చేరింది. జూనియర్ డాక్టర్ సిరంజి కింద పెట్టింది. "గుండె ఇంత వేగంగా ఉంటే ఇంకా ఎలా ఇస్తాం?" అంది. చాలాచోట్ల ఆగేది సరిగ్గా ఇక్కడే. నాడి వేగం అట్రోపిన్ ఆపడానికి కారణం కాదు. ఆక్సిజన్ అందకపోయినా, భయంతోనైనా, ఇతర నరాల ప్రభావంతోనైనా గుండె పరుగెడుతుంది. "స్టెత్ పెట్టి చూడు" అన్నాను. ఊపిరితిత్తులు ఇంకా తడిగానే ఉన్నాయి. 16 మిల్లీగ్రాములు ఇచ్చాం. మొత్తం 30.

ఏడెనిమిది నిమిషాల్లో మార్పు కళ్లముందే కనిపించింది. బుడబుడ చప్పుడు పోయింది. పిల్లికూతలు తగ్గాయి. చంక కింద చేయి పెడితే పొడిగా ఉంది. బీపీ 110కి వచ్చింది, ఆక్సిజన్ 95. ఆగాల్సిన చోటు ఇదే: ఊపిరితిత్తులు శుభ్రంగా వినపడాలి, నాడి 80 పైన, పై బీపీ 80 పైన ఉండాలి, చంకలు పొడిగా ఉండాలి, కంటిపాపలు సూదిమొనల్లా ఉండకూడదు. వీటిలో మొదటిదే ప్రాణం. కంటిపాప కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, అది ఆలస్యంగా మారుతుంది.

ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయి తర్వాత ఇన్ఫ్యూజన్ (సెలైన్‌లా ఆగకుండా కొద్దికొద్దిగా ఎక్కించడం) పెట్టే పద్ధతినీ, పాతకాలపు విడివిడి ఇంజెక్షన్ల పద్ధతినీ బంగ్లాదేశ్‌లో పక్కపక్కన పెట్టి పోల్చారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో పాత పద్ధతిలో 22.5 శాతం మంది చనిపోతే, కొత్త పద్ధతిలో 8 శాతం. మందు అదే. ఖర్చులో తేడా ఏమంత లేదు. తేడా అంతా మంచం పక్కన ఐదు నిమిషాలకొకసారి స్టెత్ పెట్టి వినడంలో ఉంది. నేను ఏ ట్రెయినింగ్‌కు వెళ్లినా ముందు చెప్పేది ఇదే.

ప్రాలిడాక్సిమ్ సంగతి. ఎంజైమ్‌ను పట్టుకున్న విషాన్ని విడిపించే మందు అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదులో, కిలోకు 30 మిల్లీగ్రాములు అరగంటసేపు నెమ్మదిగా, తర్వాత గంటకు కిలోకు 8 చొప్పున ఇచ్చాం. గబగబా ఎక్కిస్తే వాంతులు, గుండెదడ వస్తాయి. దీని మీద సాక్ష్యం ఒకే దారిలో లేదు. 2006లో భారతదేశంలో జరిగిన పరీక్షలో పెద్ద మోతాదు మేలు చేసింది. 2009లో శ్రీలంకలో జరిగిన పరీక్షలో మేలు కనిపించలేదు సరికదా, మందు ఇచ్చినవాళ్లలోనే చావులు కాస్త ఎక్కువ. విషం రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. డైమిథైల్ రకాల్లో బిగిసిన ఎంజైమ్ కొన్ని గంటల్లోనే ఇక విడిపించలేని స్థితికి చేరుతుంది, డైఈథైల్ రకాల్లో ఒక రోజుకు పైగా వ్యవధి ఉంటుంది. ఇతను తాగింది డైఈథైల్ రకం, త్వరగానే వచ్చాడు, అందుకని ఇచ్చాను. ఇది దొరకలేదని ఎవరూ రోగిని వదులుకోనక్కర్లేదు. అట్రోపిన్, ఆక్సిజన్, ఊపిరి ఆడించే ఏర్పాటు ఉంటే చాలామందిని కాపాడవచ్చు.

ఎంజైమ్ రక్తపరీక్షకు పంపాం. చికిత్స దానికోసం ఆగలేదు.

రెండో రాత్రి మా పొరపాటు

మొత్తం పట్టిన అట్రోపిన్‌లో 10 నుంచి 20 శాతం గంటకు ఇవ్వాలన్నది లెక్క. గంటకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఇన్ఫ్యూజన్ పెట్టాం. మర్నాడంతా బాగున్నాడు. రాత్రి పన్నెండు దాటాక పక్కదుప్పటి పీకడం, లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. 103 డిగ్రీల జ్వరం. నాడి 140. నిమోనియా అనుకుని యాంటీబయాటిక్ మార్చారు, చేతులు మంచానికి కట్టారు. పొద్దున నేను వచ్చి కడుపు మీద స్టెత్ పెడితే ఒక్క చప్పుడు లేదు. పేగులు పూర్తిగా నిద్రపోయాయి. చర్మం ఎండిపోయి కాలుతోంది. పొత్తికడుపులో మూత్రం నిండి బిగుసుకుని ఉంది.

అది విషం కాదు, నిమోనియా కాదు. మేమిచ్చిన అట్రోపిన్ ఎక్కువైంది. ఎక్కించడం తెలిసిన మేము దించడం మర్చిపోయాం. తప్పు నైట్ సిస్టర్లది కాదు. ఎప్పుడు తగ్గించాలో నేను కేస్ షీట్‌లో రాయలేదు. ఇన్ఫ్యూజన్ ఆపి, మూత్రానికి గొట్టం వేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఆందోళన తగ్గడానికి కొద్దిగా డయాజిపామ్ ఇచ్చాం. అరగంటకొకసారి చూస్తూ, ఒళ్లు చల్లబడ్డాక గంటకు 3 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టాం. ఆ రోజు నుంచి మా వార్డులో పురుగుమందు కేసు ప్రతిదానికీ మంచం తలవైపు ఒక కాగితం వేలాడుతుంది. ఊపిరితిత్తులు, చంక, నాడి, బీపీ, కంటిపాప, పేగుల చప్పుడు, జ్వరం, మాట తీరు. గంటగంటకూ టిక్కులు. మొదటి ఐదూ అట్రోపిన్ చాలుతోందా అని చెబుతాయి, చివరి మూడూ ఎక్కువైందా అని చెబుతాయి.

మూడో రోజు

చేరిన రాత్రిని వదిలి లెక్కేస్తే, మూడో రోజు పొద్దున చూస్తే అంతా బాగున్నట్టే ఉంది. స్పృహ ఉంది, ఊపిరితిత్తులు శుభ్రం, కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, మంచినీళ్లు అడిగాడు. ఐసీయూలో మంచాల కరువు ఎప్పుడూ ఉండేదే. జనరల్ వార్డుకు మార్చేద్దామని కాగితం కూడా రాసేశారు.

తల కింద దిండు సర్దుతున్న అన్న అన్నాడు, "మేడమ్, వీడు తల ఎత్తలేకపోతున్నాడు. నేనే ఎత్తాల్సి వస్తోంది."

ఆ మాట అతను అనకపోతే ఈ కేసు వేరేగా ముగిసేది. దిండు మీదనుంచి తల ఎత్తి ఐదు సెకన్లు పట్టి ఉంచమన్నాను. గడ్డం రొమ్ముకు దగ్గరగా కూడా రాలేదు. కళ్లు గట్టిగా మూయమంటే రెప్పల సందు మిగిలింది. భుజాలు లేవడం లేదు, వేళ్లతో మాత్రం నా చేతిని గట్టిగానే పట్టుకున్నాడు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే 22 దాకా వెళ్లాడు. రెండు గంటల తర్వాత 14. మధ్యాహ్నానికి 9. ఆక్సిజన్ మీటర్ అప్పటికీ 97 చూపిస్తూనే ఉంది.

దీనికి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు. శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెడ్డే 1987లో దీన్ని విడిగా గుర్తించి రాశారు. విషం తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, మొదటి గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక మొదలవుతుంది. మెడ, భుజాలు, తొడల పైభాగం, ముఖ కండరాలు, వాటితో పాటే ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. అట్రోపిన్ దీనికి పనిచేయదు. ఊపిరి మనం ఆడించి, కండరాలు తేరుకునేదాకా ఓపిక పట్టడమే చికిత్స. ఓపిక పడితే దాదాపు అందరూ తేరుకుంటారు. గమనించకపోతే, వార్డులో మూలమంచం మీద, సెలైన్ ఎక్కుతుండగానే, చప్పుడు లేకుండా పోతారు. ఆక్సిజన్ మీటర్ పడిపోయేసరికి సమయం మించిపోతుంది. మీటర్ కంటే మెడ ముందు చెబుతుంది.

అంకెలు 9కి రాగానే ఊపిరి ఆడించడానికి గొంతులోకి ట్యూబ్ వేశాం, ఇంకా తెలివిగా ఉండగానే, ఏం చేస్తున్నామో అతనికి చెప్పి. ట్యూబ్ వేసేవాళ్లకు ఒక జాగ్రత్త: కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ వాడొద్దు. దాన్ని విరిచేది కూడా కోలినెస్టరేజే, అది ఇప్పటికే దెబ్బతిని ఉంది కాబట్టి కొద్ది నిమిషాల్లో పోవాల్సిన ఆ మందు ప్రభావం గంటలు నిలుస్తుంది. మేం దాని బదులు రోక్యురోనియం వాడాం. వెంటిలేటర్ మీద పదకొండు రోజులున్నాడు. అందులో చెప్పుకోదగ్గ విద్య ఏమీ లేదు. సక్షన్, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, కళ్లు ఎండకుండా చూడటం, గొట్టం ద్వారా ఆహారం. పదమూడో రోజున దిండు మీదనుంచి తల ఎత్తాడు. మర్నాడు ట్యూబ్ తీశాం.

అన్న తెచ్చిన సంచి

మొదటి రోజు రాత్రి, ఏం తాగాడో సీసా చూడాలి తీసుకురమ్మని వాళ్లన్నను ఇంటికి పంపాను. లేబుల్ మీద రసాయనం పేరు ఉంటే చికిత్స సగం తేలికవుతుంది. అతను సంచిలో రెండు సీసాలు తెచ్చాడు. "రెండూ ఒకే గూట్లో ఉంటాయి మేడమ్. ఏది తాగాడో నాకు తెలీదు."

మూత తీసి ఉన్నది క్లోర్‌పైరిఫాస్, పైన చెప్పిన డైఈథైల్ రకం. రెండోది మూత తీయని కలుపు మందు. దానికి విరుగుడు లేదు. తాగి వచ్చినవాళ్లలో ఎందరో మా చేతుల్లోనే పోయారు, స్పృహతో మాట్లాడుతూనే. వాళ్లలో చాలామంది బతకాలనుకున్నారు, మమ్మల్ని బతిమాలారు. వాళ్లకు చేయగలిగింది మా దగ్గర ఏమీ లేకపోయింది.

ట్యూబ్ తీసిన రెండు రోజులకు గొంతు కాస్త తేరుకున్నాక అతన్ని అడిగాను. ఆ సీసానే ఎందుకు తీశావని కాదు, అలా అడగకూడదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పమన్నాను. అప్పటిదాకా చావాలన్న ఆలోచనే లేదన్నాడు. ఇంట్లో మాటామాటా పెరిగింది, కొన్నాళ్లుగా నిద్ర లేదు, అప్పులున్నాయి. లోపలికి వెళ్లాడు, గూట్లో ముందున్నది చేతికి వచ్చింది. గొడవకీ ఆ పనికీ మధ్య పది నిమిషాలు కూడా లేవు. తాగిన వెంటనే భయమేసి తనే అన్నను పిలిచాడు.

ఇది ఇతని ఒక్కడి కథ కాదు. మా దగ్గర కోలుకున్నవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఇదే. నిమిషాల్లో పుట్టిన నిర్ణయం, గంటల్లో పోయే కోరిక. ఇలాంటి ప్రయత్నం నుంచి బయటపడ్డవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరని ఎన్నో ఏళ్లు వెంబడించి చూసిన పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ గంటలు దాటగలిగేది ఎవరు? కోరిక బలహీనంగా ఉన్నవాళ్లని అనుకునేదాన్నైతే నా వృత్తి తేలికయ్యేది. నేను చూసింది వేరు. ఆ క్షణాన గూట్లో ముందున్నది ఏ సీసా అన్నదే తేల్చింది. మా 30 మిల్లీగ్రాముల అట్రోపిన్, పదకొండు రోజుల వెంటిలేటర్, వాటికి అవకాశం దొరికింది ఆ సీసాల వరుస వల్ల.

గూట్లో ఏముండాలి

ప్రపంచంలో ఆత్మహత్యల్లో దాదాపు ఐదింట ఒకటి పురుగుమందులతోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో ఎక్కువ పేద, మధ్యాదాయ దేశాల పల్లెల్లో. మందుబిళ్లలు ఎక్కువ మింగి వచ్చినవాళ్లలో నూటికి ఒకరిద్దరు కూడా పోరు. పురుగుమందులకు వచ్చేసరికి చాలాచోట్ల నూటికి పదిమంది, ఇరవైమంది పోతారు. మనుషుల బాధలో అంత తేడా ఉండదు. తేడా దొరికే వస్తువులో ఉంది.

ఆ వస్తువును మారిస్తే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 1995లో అక్కడ లక్ష జనాభాకు 47 ఆత్మహత్యలు, ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో ఒకటి. అంతకుముందు 1984లో పారాథయాన్, మిథైల్ పారాథయాన్ ఆపారు. 1995లో మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్ వంటి అత్యంత విషపూరితమైనవి, 1998లో ఎండోసల్ఫాన్, 2008 నుంచి 2011 మధ్య డైమిథోయేట్, ఫెంథయాన్, పారాక్వాట్ అనే కలుపు మందు. రేటు 2005కల్లా సగానికి వచ్చింది, 2015కల్లా 70 శాతం తగ్గింది. ఆ ఇరవై ఏళ్లలో దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని లెక్కగట్టారు. నాకు అన్నిటికంటే బలంగా తాకిన విషయం మరొకటి: విషం తాగి ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంఖ్య అక్కడ తగ్గలేదు. వచ్చినవాళ్లు బతకడం పెరిగింది. బాధ అలాగే ఉంది, చావు తగ్గింది.

దక్షిణ కొరియా 2011లో పారాక్వాట్ రిజిస్ట్రేషన్ రద్దుచేసి 2012లో అమ్మకాలు ఆపేసింది. 2013కల్లా పురుగుమందుల ఆత్మహత్యలు దాదాపు సగమయ్యాయి.

ఈ మాట ఎక్కడ చెప్పినా రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, చావాలనుకున్నవాళ్లు వేరే దారి చూసుకుంటారని. కొందరు చూసుకుంటారు, నిజమే. కానీ శ్రీలంకలో తగ్గింది పురుగుమందుల చావులే కాదు, మొత్తం ఆత్మహత్యలు. రెండోది, పంట పోతుందని. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, పంట పోతే ఆ ఇంట్లో ఏమవుతుందో మా వార్డుకు తెలుసు. శ్రీలంకలో ఆ మందులు ఆగిన ఏళ్లలో దిగుబడులు పడిపోయినట్టు కనపడలేదు, ఎందుకంటే వాటి స్థానంలో తక్కువ విషమున్నవి వచ్చాయి. అదే దేశం 2021లో రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతి మొత్తాన్ని ఒక్కసారిగా ఆపి, దిగుబడులు దెబ్బతిని, ఆ నవంబరుకే వెనక్కి తగ్గింది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం అన్యాయం. మనుషుల్ని చంపే కొద్ది మందుల్ని ఏరి, బదులు చూపించి ఆపడం వేరు, అన్నీ ఆపేయడం వేరు.

ఏరడం ఎలా అన్నదీ ముఖ్యమే. సీసాల మీద ఉండే విష తరగతులు ఎలుకల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. ఒకే మధ్యస్థ తరగతిలో ఉన్న డైమిథోయేట్, క్లోర్‌పైరిఫాస్ తాగి శ్రీలంక ఆసుపత్రులకు వచ్చినవాళ్లను పోల్చితే, డైమిథోయేట్‌తో నూటికి ఇరవైమంది, క్లోర్‌పైరిఫాస్‌తో ఎనిమిదిమంది పోయారు. కాబట్టి ఏ మందుతో ఎందరు వచ్చారు, ఎందరు పోయారు అన్న లెక్క ఆసుపత్రులే రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. మా రికార్డుల్లో ఏళ్లపాటు "పురుగుమందు" అని ఒక్క మాటే ఉండేది. ఏ మందో రాయని ఆ రికార్డు ఎవరికీ పనికిరాలేదు. అది మా వైపు లోపం.

తాళం పెట్టెల గురించి నేను కూడా ఒకప్పుడు గట్టిగా ప్రచారం చేశాను. మందుల్ని ఇంట్లో తాళంపెట్టెలో పెడితే చావులు తగ్గుతాయని నమ్మకం. శ్రీలంకలో 180 గ్రామాల్లో, 53,000కు పైగా ఇళ్లలో దీన్ని పరీక్షించారు. 2017లో ఫలితాలొచ్చాయి. పురుగుమందు తాగడంలో తేడా రాలేదు. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. చిన్నపిల్లల కోసం తాళం ఇప్పటికీ మంచిదే, వద్దనను. ప్రభుత్వాలు పెట్టెలు పంచి పని అయిపోయిందనుకోవడమే నా అభ్యంతరం. మందు ఇంట్లోనే ఉంచకుండా, అవసరమైనంతే కొని ఆ రోజే వాడేయడం అంతకంటే మేలు.

ప్రమాదవశాత్తు జరిగేవి వేరే. తాగే నీళ్ల సీసాల్లోకి పోసుకున్న మందు, ఖాళీ డబ్బా కడిగి వంటింట్లో వాడుకోవడం. 2013 జూలైలో బిహార్‌లోని సారన్ జిల్లాలో బడి భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచేయాలి. మందు కొట్టేవాళ్లు గాలికి ఎదురుగా కొట్టకూడదు, కారుతున్న ట్యాంకు వీపున వేసుకోకూడదు, పని కాగానే సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు విడిగా ఉతకాలి. తల తిరగడం, చూపు మసకబారడం, చొంగ కారడం మొదలైతే "ఎండదెబ్బ" అనుకోకుండా పని ఆపి, బట్టలు విప్పి, కడుక్కుని ఆసుపత్రికి రావాలి. ప్రమాదవశాత్తు ఏటా 38.5 కోట్లమంది ఏదో ఒక స్థాయిలో ఈ విషానికి గురవుతున్నారని, దాదాపు 11,000 మంది చనిపోతున్నారని 2020లో ఒక అంచనా వెలువడింది.

ఇంట్లో ఎవరైనా తాగారని తెలిస్తే: కక్కించొద్దు, ఉప్పునీళ్లూ పాలూ పట్టించొద్దు, ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి, బట్టలు తీసి ఒళ్లు కడగండి, సీసా వెంట తీసుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి. బాగానే ఉన్నాడు కదా అని ఆగొద్దు.

డిశ్చార్జి

ఇంటికి పంపే ముందు మానసిక వైద్యుడు చూశారు. నేను కూడా నేరుగానే అడిగాను: "బాబూ, చచ్చిపోవాలని ఇప్పటికీ అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది డాక్టర్లు భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు లేకే చాలామంది లోపలే దాచుకుంటారు. "అప్పుడప్పుడూ రాత్రిపూట" అన్నాడు. ఆ మాట చెప్పినందుకు సంతోషించాను. నిద్రకు, దిగులుకు మందులు మొదలుపెట్టారు. రాత్రి అలా అనిపిస్తే ఎవరిని లేపాలో, ఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలో అతనే కాగితం మీద రాసుకున్నాడు. మొదటి పేరు వాళ్ల అన్నయ్యది. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అలాంటి రాత్రులుంటే, ఆ కాగితం మీరూ ఈరోజే రాసుకోండి, ఇంట్లో ఉన్న మందును ఇంకొకరికి అప్పగించి పంపేయండి.

వాళ్లన్నతో విడిగా మాట్లాడాను. కొన్ని నెలలపాటు ఇంట్లో ఏ మందూ ఉంచొద్దని, కొట్టాల్సి వస్తే వేరేవాళ్ల చేత కొట్టించమని. ఒప్పుకున్నాడు. సంచిలోని రెండో సీసా అన్నాళ్లూ నా గదిలో బీరువాలో తాళం వేసి ఉంది. తిరిగి అడగలేదు. వ్యవసాయ శాఖ వాళ్లకు అప్పగించాను.

విషం తాగిన రెండు మూడు వారాలకు కాళ్లలో తిమ్మిరి, పాదాలు వేలాడటం మొదలయ్యే ఆలస్యపు నరాల జబ్బు ఒకటుంది, దానికోసం మళ్లీ రమ్మన్నాను. ఆరో వారం ఇద్దరూ వచ్చారు. మడమల మీద నడవమన్నాను, నడిచాడు. మునివేళ్ల మీద నడిచాడు. తిమ్మిరి లేదు. నిద్ర నాలుగైదు గంటలు పడుతోందన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి, అలవాటుకొద్దీ తల ఎత్తమన్నాను. నా అరచేతికి ఎదురుగా గట్టిగా పట్టి ఉంచాడు. నేను చాలన్నాక కూడా దించలేదు.